మోక్షితకి కలిసొచ్చిన అంగుళం

నాకున్న భయాలన్నిట్లోకి పెద్దది మా పాప ఎదగదేమోనని. తేలు, కరెంటు మోటారు, మా ఆయన ఆటో బ్రేకులు, ఇవన్నీ దాని తర్వాతే.

పాప పేరు మోక్షిత. ఈ సంగతులు మొదలైనప్పుడు దానికి సరిగ్గా రెండున్నరేళ్ళు, ఎత్తు ఎనభై రెండు సెంటీమీటర్లు. ఆ వయసు ఆడపిల్లకి ఎనభై మూడున్నర దగ్గర అంగన్‌వాడీ వాళ్ళ ఫోన్లో ఒక గీత ఉంటుంది. గీత దాటిన పిల్లల పేర్లు పచ్చరంగులో, దాటని పిల్లల పేర్లు పసుపురంగులో కనిపిస్తాయి. మా పిల్ల పేరు పసుపు.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది. మెడలో టేపున్న మనిషికి ఎదగని పిల్ల ఎదురుగా తిరుగుతుంటే చెయ్యి ఊరుకోదు. పొద్దున లేపి ఒకసారి, నీళ్ళు పోసి ఒకసారి కొలిచేదాన్ని.

"కొలిచి కొలిచి పిల్లని అరగ్గొడతావేంటే," అనేది మా అత్తయ్య. "పొడుగైతే ఏం చేసుద్ది, సొరకాయా? మా వంశంలో గుమ్మానికి తల కొట్టుకున్నోళ్ళు ఎవరున్నారు?"

పసుపు జాబితాలో పేరున్న పిల్లలకి అంగన్‌వాడీలో రోజూ రెండో గుడ్డు ఇస్తారు, ఇంకో గ్లాసు పాలు పోస్తారు. నెలకోసారి డాక్టరమ్మ వచ్చి చూస్తుంది. మోక్షితని చూసి ఆమె, "ఆరు నెలలు తిండి పెట్టి చూద్దాం. అప్పటికీ కదలకపోతే గుంటూరు తీసుకెళ్ళి రక్తం పరీక్షలు చేయించాలి," అంది. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు ఆ జాబితాయే దేవుడి పటం. అందులో పేరున్నంతకాలం నా పిల్లని నాతోపాటు ఇంకొకరు చూస్తున్నట్టు లెక్క.

అంగన్‌వాడీ టీచరు పేరు సలోమి. నలభై ఆరేళ్ళకే మోకాళ్ళు పోయాయి ఆమెకి. అయినా పిల్లని స్టాండుకి ఆనించి కొలిచేటప్పుడు మడమలు నేలకి తగిలాయో లేదో కింద కూర్చుని చూస్తుంది. లేవాలంటే తల్లులం ఇద్దరం చెరో చెయ్యి పట్టుకోవాలి.

మాది రేపాకపాడు. ఊరి చుట్టూ మిరప చేలు, ఊరి మధ్యలో బస్టాండు, బస్టాండు ఎదురుగా నగర పంచాయతీ ఆఫీసు. కూరగాయల మార్కెట్టు వెనక మురుగు కాలవ తవ్వుతుంటే మూడు పాత నాణేలు బయటపడ్డాయి. అవి రెండు వేల ఏళ్ళ కిందటి రోము నాణేలని పట్నం నుంచి వచ్చిన పెద్దవాళ్ళు చెప్పారు. కాలవ అక్కడితో ఆగిపోయింది, అది వేరే సంగతి.

మా కమిషనర్ పరాంకుశం గారు ఆ మూడు నాణేల్ని చూసినప్పట్నుంచి మామూలు మనిషిగా లేరు. "ఈ ఊరికి రెండు వేల ఏళ్ళ కిందటే రోము తెలుసు. ఇక రోముకి ఈ ఊరు తెలియాలి," అన్నారు. ఇటలీలో ఏదో చిన్న ఊరితో స్నేహ ఒప్పందం కుదిర్చారు. వాళ్ళు మన ఊరు చూడ్డానికి వస్తారని, వచ్చేసరికి ఇక్కడ వాళ్ళకి సొంతింట్లో అడుగుపెట్టినట్టుండాలని ఒక ఉత్తర్వు వేశారు. మైకులో వార్డు వార్డుకీ చదివారు.

"ఇందుమూలముగా రేపాకపాడు పురప్రజలకు తెలియజేయడమేమనగా, రాబోవు ఒకటవ తేదీ నుండి పట్టణ పరిధిలో పొడవు, వెడల్పు, ఎత్తు, లోతు, దూరము అను పంచవిధ దైర్ఘ్యములను ప్రాచీన రోమక ప్రమాణములలో మాత్రమే కొలవవలెను. ఇతర ప్రమాణములను కలిగియుండుట నేరము కానప్పటికీ మర్యాద కాదు."

మా వార్డులో మీటింగు పెట్టి, సూపరింటెండెంట్ సాంబమూర్తి గారు కొత్త కొలతలు బోధించారు. ఆయనకి నలభై అయిదేళ్ళుంటాయి. మాటలు మాత్రం రెండు తరాల కిందటివి.

"పేస్ అనగా అడుగు. అందు పన్నెండవ వంతు ఉంకియా. అదే అడుగులో పదహారవ వంతు దిగితుస్, అనగా వేలు. నాలుగు వేళ్ళు పల్ముస్, అనగా బెత్తెడు. అడుగున్నర కుబితుస్, అనగా మూర. అయిదు అడుగులు పస్సుస్, అనగా అంగ. వెయ్యి అంగలు మైలు."

మా అత్తయ్య లేచింది. "బెత్తెడు, మూర మా అమ్మమ్మ కాలంలోనే ఉన్నయ్యి గదా నాయనా. వాటికోసం రోము దాకా పోవడమెందుకు?"

"అమ్మా, మీవి పాతబడినవి. ఇవి ప్రాచీనములు."

నేను భయపడుతూనే అడిగాను. "సార్, జాకెట్లకి అంగుళాలు కావాలి గదా?"

"ఉంకియా అనగా అంగుళమేనమ్మా. అంగుళానికి తాత వంటిది. నిశ్చింతగా కుట్టుకో."

తాతలు వయసుతోపాటు కుంగుతారన్న సంగతి ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఒకటో తారీఖున టైలర్లందరం పాత టేపులు తీసుకెళ్ళి ఆఫీసులో ప్లాస్టిక్ బకెట్లో వేశాం. కొత్త రెక్సిన్ టేపులిచ్చారు. ఒకవైపు ఉంకియాలు, రెండోవైపు వేళ్ళు. రోడ్ల మీద కిలోమీటరు రాళ్ళకి సున్నం కొట్టి మైళ్ళు రాశారు. రోము అంగ అంటే కుడికాలు లేచిన చోటు నుంచి మళ్ళీ కుడికాలు పడేదాకానట, అంటే మన రెండడుగులు కలిపి ఒకటి. షుగరున్న పెద్దమనుషులు పొద్దున్నే నాలుగు వేల అడుగులు నడవాలని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఉత్తర్వు చూసుకుని వాళ్ళు నాలుగు వేల అంగలు నడిచి, మిరప మార్కెట్టు అవతల ఎక్కడో చతికిలపడేవాళ్ళు. మా ఆయన ఆటో వేసుకెళ్ళి వాళ్ళని ఏరుకొచ్చేవాడు.

నాకు మొదటి దెబ్బ జాకెట్టు దగ్గర తగిలింది. హైస్కూలు హెడ్మిస్ట్రెస్ విమలాదేవి మేడం ఎనిమిదేళ్ళుగా నా ఖాతాదారు. ఆమె ఛాతీ కొలత ముప్పై ఆరు. నా నోట్సులో అంతే ఉంది. కొత్త టేపుతో ముప్పై ఆరు ఉంకియాలకి కత్తిరించి కుట్టి పంపాను. మర్నాడు పొద్దున్నే స్కూలుకి పోకుండా మా ఇంటికొచ్చింది.

"తిరపతమ్మా, ఇది వేసుకుని ప్రేయర్లో 'అటెన్షన్' అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. పిల్లలు పావుగంట నిటారుగా నిలబడే ఉన్నారు."

"కొలత పాతదే మేడం," అన్నాను. ఇంకేమనాలో తెలీక, "మీరేమన్నా ఒళ్ళు చేశారేమో," అన్నాను.

ఆమె నా వంక చూసిన చూపు నేను చెప్పను. కానీ ఆ నెలలో మా ఊరి ఆడవాళ్ళందరూ ఒళ్ళు చేశారు. కుట్టిన ప్రతి జాకెట్టూ వెనక్కొచ్చింది. ఊళ్ళో సాయంత్రాలు ఆడవాళ్ళ నడక మొదలైంది. రాత్రి అన్నం బదులు పుల్కాలొచ్చాయి. తప్పు టేపుదని ఒక్కరూ అనలేదు. సర్కారు ఇచ్చిన టేపుని అనుమానించేకంటే సొంత ఒంటిని అనుమానించడం మాకు అలవాటు.

పదకొండో తారీఖున అంగన్‌వాడీలో ఎత్తులు కొలిచారు. స్టాండుకి కొత్త ఉంకియాల పట్టీ అంటించి ఉంది. మోక్షిత ముప్పై మూడుంపావు వచ్చింది. ఫోనుకేమో సెంటీమీటర్లే తెలుసు. అది రాష్ట్రానిది, మా కమిషనర్ చేతిలో లేదు. అందుకని సాంబమూర్తి గారు రెండు పేజీల సర్క్యులర్ పంపారు. ఉంకియా అంగుళమే గనుక, అంగుళానికి రెండు పాయింట్ ఐదు నాలుగు చొప్పున హెచ్చవేసి ఫోనులో ఎక్కించమని రెండో పేజీలో ఉంది. సలోమి టీచర్ ఫోన్లోనే లెక్క కట్టింది. ఎనభై నాలుగున్నర.

ఫోన్లో మా పిల్ల పేరు పచ్చబడింది.

నేను ఆ రోజు ఎంత సంతోషించానో రాస్తే నవ్వుతారు. కొబ్బరికాయ కొట్టాను. మా అత్తయ్యకి కాళ్ళు పట్టాను. మా ఆయన ఆటో వెనక 'మోక్షిత' అని రాయించాడు. కొన్ని రోజుల్లో పిల్ల రెండున్నర సెంటీమీటర్లు పెరిగిందంటే ఏ తల్లి ఎదురు ప్రశ్న వేస్తుంది?

మర్నాడు సలోమి టీచర్ పిల్ల కంచంలో ఒకే గుడ్డు పెట్టింది. నా మొహం చూసి, "జాబితాలోంచి పేరెళ్ళిపోయింది తిరపతమ్మా. డాక్టరమ్మ కూడా ఇక చూడదు. నాకూ బాగాలేదు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "నిన్న ఇరవై ఇద్దర్ని కొలిచాను. ఇరవై ఇద్దరూ పెరిగారు. నెలల పిల్లలూ పెరిగారు, కామెర్లొచ్చి లేచిన పిల్లాడూ పెరిగాడు. ఇన్నేళ్ళలో ఇలా చూళ్ళేదు," అంది.

ఇంటికొచ్చి కుట్టుమిషను సొరుగులోంచి ఇంకో పాత టేపు తీశాను. అది బకెట్లో వెయ్యకుండా దాచానని కాదు. మొదటి అంగుళం అరిగి చిరిగిపోయింది, ఒకటి దగ్గర పెట్టి కొలిచి తర్వాత ఒకటి తీసేస్తాను. అలాంటిది సర్కారుకి ఇవ్వడం బాగోదని ఉంచాను. దాంతో పిల్లని కొలిచాను. ముప్పై రెండుంపావు. పోయిన నెల ఎంతో అంతే.

రెండు టేపుల్నీ మంచం మీద పక్కపక్కన పరిచాను. అరవైకి అరవై పక్కన పెడితే కొత్తది అంగుళంముప్పావు ముందే అయిపోయింది.

విమలాదేవి మేడంకి వెళ్ళి క్షమాపణ చెప్పాలని ముందు అనిపించింది. ఆ తర్వాత గుంటూరు రక్తం పరీక్షలు గుర్తొచ్చాయి. పిల్లని చంకనేసుకుని, రెండు టేపులూ సంచిలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను.

సాంబమూర్తి గారి బల్ల మీద రెండూ పరిచాను. ఆయన ముందు పాత టేపు వంక చూశారు.

"ఈ నిషిద్ధ వస్తువు నీ వద్ద ఎట్లున్నది?"

"మొదటి అంగుళం లేదు సార్. దాన్ని టేపనకూడదేమో."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండు టేపుల మీదా వేలు జరుపుకుంటూ చివరిదాకా వెళ్ళారు. మళ్ళీ మొదటికొచ్చారు.

"అనగా ఉంకియా అంగుళము కన్న చిన్నది."

"అవున్సార్. ఒక్క అంగుళంలో తెలీదు. ముప్పై ఆరు కుడితే ఒక అంగుళం తేడా వస్తది. విమలాదేవి మేడం జాకెట్లో పోయిన అంగుళమే మా పాప ఎత్తులో కలిసింది సార్. మేడంకి ఊపిరాడట్లేదు. మా పాపకి గుడ్డు రావట్లేదు."

"నువ్వేం చదివావమ్మా?"

"తొమ్మిది. మధ్యలో ఆపేశారు."

"ఆపకపోయిన యెడల మాకు మరింత ఇబ్బందయ్యేది," అన్నారు. కోపంగా కాదు, నిజంగానే ఆలోచిస్తూ అన్నారు. తర్వాత సొరుగు లాగారు. "నీ వాదన సమంజసమే. అయితే రికార్డుకెక్కిన ఎత్తును తగ్గించుటకు ఒక పద్ధతి ఉన్నది."

కొత్త ఫారం ఇచ్చారు. పైన 'ఎత్తు తగ్గింపు దరఖాస్తు' అని ఉంది. కింద ఇలా ఉంది: 'నా కుమారుడు లేక కుమార్తె ఇన్ని ఉంకియాల మేర కుదించుకుపోయినట్లు పూర్తి స్పృహతో ధ్రువీకరించుచున్నాను.' దానికి కుదించుకుపోవడానికి కారణం తెలిపే వైద్యుడి సర్టిఫికెట్టు, కుదించుకుపోతుండగా చూసిన ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షుల సంతకాలు జతపరచాలి.

"మా పాప కుదించుకుపోలేదు సార్. అసలు పెరగలేదు."

"పెరిగినట్లు రికార్డున్నది. పెరిగినది తగ్గవలెనన్న కుదించుకుపోక మార్గమేమున్నదమ్మా?"

పెన్ను తీసుకున్నాను. మోక్షిత పేరు రాశాను. 'కుదించుకు' అన్న మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎదగాలని రోజూ దణ్ణం పెట్టుకునే తల్లిని నేను. ఇదేమో ఎత్తు తగ్గించమని దరఖాస్తు. పైనున్న అమ్మవారు దీన్ని కూడా నా అర్జీలన్నిటితోపాటు కలిపి, ఇదొక్కటే మంజూరు చేస్తే? ఆఫీసు భాష ఆవిడకి తెలుసని గ్యారంటీ ఏముంది? ఫారం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఈలోగా ఊరికి పేరొచ్చింది. ఒక్క నెలలో పిల్లలందరూ ఎదిగిన పట్టణం ఇదొక్కటేనని జిల్లా వాళ్ళు షీల్డు ఇచ్చారు. 'పోషకాహార లోప రహిత పట్టణం' అని బస్టాండులో బోర్డు పెట్టారు, దాని పొడవు ఎనిమిది పేస్‌లు. చుట్టుపక్కల మూడు మున్సిపాలిటీల వాళ్ళు మా కొలతలు చూసి వెళ్ళారు. పిల్లలకి గుడ్లకన్నా రోము బాగా పనిచేస్తోందని వాళ్ళ రిపోర్టు. షీల్డు సభకి ఇటలీ వాళ్ళు కూడా వచ్చారు, నలుగురు. రైల్వే స్టేషను ఎంత దూరమని వాళ్ళలో ఒకాయన అడిగితే పరాంకుశం గారు ఛాతీ విరుచుకుని పస్సుస్‌లలో చెప్పారు. ఆయన నవ్వి, ఫోను తీసి కిలోమీటర్లలో చూసుకున్నాడు.

సభలో నేను వెనక వరసలో పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పరాంకుశం గారు అరగంట మాట్లాడారు.

"మహాశయులారా, రోమక నాగరికత అగాధము. మనము స్పృశించినది దాని దైర్ఘ్యమును మాత్రమే. రోము నగరమును స్థాపించిన నాడు వారి సంవత్సరమునకు పది మాసములే ఉండెడివని ప్రతీతి. ఎంతటి మితవ్యయము. మనము నేటికీ పన్నెండు మాసములు వ్యర్థపరచుచున్నాము."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, వేళ్ళు లెక్కపెడుతున్నాను. పక్కన సలోమి టీచరు ఉంది.

"టీచరమ్మా, మోక్షితకి ముప్పై ఒకటో నెల. ఏడాదికి పది నెలలైతే దానికెన్నేళ్ళు?"

"మూడు దాటాయి."

"మూడు దాటిన పిల్లకి గీత ఎక్కడుంటది?"

ఆమె ఫోను తీసి చూసింది. "ఎనభై ఏడున్నర పైమాటే." చూసి, ఫోను కొంగు కింద పెట్టుకుంది. "తిరపతమ్మా, నువ్వు ఆలోచించేది మంచిది కాదేమో."

"మంచిది కాదు. కానీ పిల్ల మళ్ళీ గీత కిందకొస్తది."

మర్నాడు తెల్లకాగితం మీద నేనే రాశాను. 'అయ్యా, కొలతలు రోమువి, నెలలు మనవి. దీనివల్ల రోముకి అన్యాయం జరుగుతున్నది. కావున సంవత్సరానికి పది నెలలు చొప్పున మా పాప వయసు కట్టించ ప్రార్థన.' అందులో ఎవరూ కుదించుకుపోనవసరం లేదు. పాప పెద్దదవుతుంది, అంతే. కింద సంతకం పెట్టాను.

పరాంకుశం గారు చదివి కుర్చీలోంచి లేచారు. "సాంబమూర్తీ, చూశావా? రోమక చైతన్యము పామరుల గుమ్మము దాకా వెళ్ళినది. ఒక్క బాలికకు మాత్రమే ఏల? పురమంతటికీ." అక్కడికక్కడే సంతకం చేశారు. పుట్టిన సర్టిఫికెట్లు ఇచ్చేది మున్సిపాలిటీయే గనుక తేదీలన్నీ వెనక్కి జరిపించారు. పురపాలక సిబ్బంది సర్వీసు రిజిస్టర్లు కూడా దిద్దించారు.

కొత్త తేదీ ఫోన్లోకెక్కి, వారంలో మోక్షిత పేరు పసుపయింది. రెండో గుడ్డు వచ్చింది, పాలొచ్చాయి. డాక్టరమ్మ మళ్ళీ చూడ్డం మొదలుపెట్టింది. మిగతా పిల్లల పేర్లు కూడా చాలా పసుపయ్యాయి. అంగన్‌వాడీలో గుడ్ల ట్రేలు పెరిగాయి. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

మా అత్తయ్య ఒక్కతే చేసింది. "యాభై ఎనిమిదేళ్ళ మనిషిని. డెబ్బైకి నాలుగు నెలలు తక్కువని కాగితమిచ్చారు. నీ కూతురికి గుడ్డు కోసం నన్ను ముసలిదాన్ని చేస్తివి గదే," అంది. అని, ఆ కాగితం పట్టుకుని బస్సులో ముందు సీటు అడగడం మొదలుపెట్టింది.

ఇవి నవ్వుకునే సంగతులు. నవ్వు రానిది ఒకటి జరిగింది. పదిహేనేళ్ళ పిల్లలు కాగితం మీద పద్దెనిమిదయ్యారు. మా వీధి చివర ఒకింట్లో తొమ్మిదో తరగతి చదివే పిల్లకి పెళ్ళిమాటలు మొదలయ్యాయి. ఆ కబురు విన్నాక నాకు రెండు రోజులు మిషను తొక్కడం చేతకాలేదు. అర్జీ రాసింది నేను. సలోమి టీచరుకి చెప్తే ఆమె చెప్పులేసుకుంది. ఇద్దరం వెళ్ళాం. నేను ఆ గడప దగ్గరే ఆగితే ఆమె నా మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

"సర్టిఫికెట్టు చూపిస్తారా?" అంది ఆ పిల్ల తండ్రితో. "చూపించండి. మున్సిపాలిటీ నెలలు మున్సిపాలిటీలోనే చెల్లుతాయి. పెళ్ళి వయసు దేశానిది. పిల్ల పుట్టినప్పుడు బరువు తూచింది నేను, ఆ రోజు నా రిజిస్టర్లో ఉంది. పోలీసు స్టేషనుకి అది పట్టుకుని నేనే వస్తాను."

పెళ్ళిమాట ఆగింది. ఆ పిల్ల ఇప్పుడు పదిలో ఉంది.

ఆ వారంలోనే పరాంకుశం గారి వంతు వచ్చింది. ఆయన వయసు యాభై రెండు. దిద్దిన రిజిస్టరు తిరగేస్తూ సాంబమూర్తి గారు అది గమనించారు. నేను పాప కొత్త సర్టిఫికెట్టు నకలు కోసం వెళ్ళి బల్ల ఇవతల నిలబడి ఉన్నాను.

"అయ్యా, తమకు అరవై రెండేళ్ళ నాలుగు నెలలు. పదవీ విరమణ వయసు అరవై రెండు. నాలుగు నెలలుగా తాము అనధికారికముగా కూర్చుండియున్నారు."

"నా అసలు వయసు నీకు తెలియదా సాంబమూర్తీ?"

"తెలుసును. రికార్డుకు తెలియదు."

"ఇది అవివేకము."

"తమ సంతకమే అయ్యా. దీనికి పద్ధతి ఉన్నది." సొరుగు లాగి ఫారం తీశారు. 'వయసు తగ్గింపు దరఖాస్తు.' పది సంవత్సరముల మేర తాను చిన్నవాడినైతినని పూర్తి స్పృహతో ధ్రువీకరించాలి. చిన్నవాడగుచుండగా చూసిన ఇద్దరు సాక్షులు కావాలి. పరాంకుశం గారు నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. ఆ ఫారం పూర్తి చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆయనకి దండ వేసి పంపారు. మూర కొలతల్లో మాత్రం అందరూ ఉదారంగానే ఉన్నారు, దండ మోకాళ్ళ దాకా వచ్చింది.

కొత్త కమిషనర్ చిన్న వయసు ఆడమనిషి. వచ్చిన రోజే రోము కొలతలు, నెలలు అన్నీ రద్దు చేసింది. రోము ఫైళ్ళన్నీ ఆ మూడు నాణేలతోపాటు మ్యూజియానికి పంపేసింది. పాత టేపులు బకెట్లోంచి తీసి ఎవరివి వాళ్ళకిచ్చారు. అంగన్‌వాడీ స్టాండు మీద ఉంకియాల పట్టీ పీకేశారు.

సలోమి టీచర్ నేలమీద కూర్చుని మోక్షిత మడమలు చూసి, సెంటీమీటర్లలో కొలిచింది. ఎనభై అయిదు. నాలుగు నెలల్లో మూడు సెంటీమీటర్లు, ఈసారి నిజంగా పెరిగినవి. గీతకి ఇంకా కొంచెం కిందే ఉంది. కానీ డాక్టరమ్మ చూసి, "ఆగలేదు, తన దారిలో తను పెరుగుతోంది. గుంటూరు అక్కర్లేదు," అంది. నేను ఏడ్చాను. కొబ్బరికాయ మాత్రం కొట్టలేదు. మొదటిసారిది అప్పుగా ఉండిపోయిందని అమ్మవారికి చెప్పుకున్నాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఫోన్లో అంతకుముందు రోజు దాకా మోక్షిత ఎత్తు ఎనభై ఏడున్నర. ఇప్పుడు ఎనభై అయిదు ఎక్కించేసరికి ఫోను ఎరుపెక్కింది. ఇరవై ఇద్దరికీ అలాగే అయింది. జిల్లా నుంచి మెమో వచ్చింది. 'తమ సంరక్షణలోని ఇరవై ఇద్దరు బాలబాలికలు ఒకే దినమున సగటున రెండున్నర సెంటీమీటర్ల మేర కుదించుకుపోవుటకు కారణము మూడు దినములలో తెల్పవలెను.'

సలోమి టీచర్ సర్క్యులర్ సంగతి రాసింది. అలాంటి సర్క్యులర్ ఆఫీసు రికార్డులో లేదని జవాబొచ్చింది. నిజమే, రికార్డు మ్యూజియంలో ఉంది. నేనూ ఆమే వెళ్ళి చూశాం. అద్దాల పెట్టెలో నాణేల పక్కన పెట్టారు దాన్ని. మొదటి పేజీ కనిపిస్తుంది. రెండు పాయింట్ ఐదు నాలుగు రెండో పేజీలో ఉంది. పెట్టె మీద 'తాకరాదు' అని రాసుంది.

నేను సాంబమూర్తి గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను, ఆ లెక్క మీరే పంపారు గదా సార్ అని. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "నిజమేనమ్మా. కానీ నేను పంపినట్లు రుజువు కూడా ఆ పెట్టెలోనే ఉన్నది," అన్నారు. సలోమి టీచర్ని చింతలలంకకి బదిలీ చేశారు. అది శిక్ష కాదట, పరిపాలనా సౌలభ్యమట.

చింతలలంక కృష్ణ మధ్యలో ఉంది. రేవు నుంచి పడవ ఎక్కాలి, దిగాక ఇసకలో చాలా దూరం నడవాలి. ఎన్ని కిలోమీటర్లో నాకు తెలీదు, ఆమె మోకాళ్ళకి ఎక్కువే. ఒక్కతే ఉంటోంది. ఫోను చేస్తే పిల్లల సంగతే చెబుతుంది. మోక్షిత ఎంతయ్యిందని అడుగుతుంది. మీరెలా ఉన్నారంటే, "నాకేం తిరపతమ్మా, బాగున్నాను," అని పెట్టేస్తుంది.

మీలో ఎవరైనా ఆ వైపు వెళ్తే, దయచేసి అంగన్‌వాడీ దాకా వెళ్ళి ఆమెని ఒకసారి చూడండి. నేల మీద కూర్చుని ఉంటే చెయ్యిచ్చి లేపండి. అన్నం తిన్నారా అంటే తిన్నానంటుంది, నమ్మొద్దు. పొయ్యి దగ్గరికెళ్ళి గిన్నె మూత తీసి చూడండి.